కండక్టరు అన్నం ఎక్కడ తిన్నాడు?

హైదరాబాద్‌లో ఫిల్మ్ మేకింగ్ చదువుతున్న ఒకమ్మాయి దగ్గర ఒక కథ లైన్ ఉంది. మారుమూల ఊరికి రాత్రి తొమ్మిదింటికి ఆర్టీసీ బస్సు వస్తుంది. నైట్ హాల్ట్. తెల్లవారుజామున ఐదింటికి అదే బస్సు ఫస్ట్ ట్రిప్పుగా టౌనుకు బయల్దేరుతుంది. ఇష్టంలేని పెళ్ళి తప్పించుకోవాలని ఆ ఊరి పిల్ల ఒకతె అర్ధరాత్రి వచ్చి సీటు కింద నక్కుతుంది. బస్సు కదలడానికి ఇంకా ఐదు గంటలుంది.

డిప్లొమా ఫిల్ముకు ఇది చాలనుకుంది. క్లాసులో చెబితే ఒకరికి మలయాళం సినిమా గుర్తొచ్చింది, ఇంకొకరికి ఇరాన్ సినిమా. ఎవరూ చెప్పని కథ అసలు మిగిలి ఉందా అని ఆమెకు దిగులు పట్టుకుంది.

సినిమా చదువు మొదలుపెట్టిన ప్రతి ఒక్కరికీ పట్టే దిగులే ఇది. దీనికి తెలుగు సినిమా దగ్గర ఎప్పటినుంచో ఒక మందు ఉంది. మద్రాసు రోజుల్లో కథా చర్చలు అనేవారు, ఇప్పుడు సిట్టింగ్స్ అంటున్నారు. గదిలో నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్ళు వింటారు, అడ్డు తగులుతారు, ‘అలా ఎందుకు చేస్తాడు?’ అని నిలదీస్తారు. లైన్ కాస్తా వన్‌లైన్ ఆర్డర్ అవుతుంది, సీన్లుగా విడిపోతుంది, చివరికి డైలాగ్ వెర్షన్ వస్తుంది. కాగితం కన్నా నోరు ముందు నడిచే పద్ధతి ఇది. నిర్మాతను ఒప్పించాలన్నా, హీరోను ఒప్పించాలన్నా ఈనాటికీ కథ చెప్పి తీరాలి.

నోటితో చెప్పడంలో ఒక కఠినమైన న్యాయం ఉంది. కాగితం మీద ‘ఆ తర్వాత వాళ్ళిద్దరూ దగ్గరవుతారు’ అని రాసి తప్పించుకోవచ్చు. ఎదుట మనిషి కూర్చుని ఉన్నప్పుడు ఆ మాట దగ్గర గొంతు తడబడుతుంది. వినేవాడి చూపు గోడ గడియారం మీదికి పోతుంది. కథ ఎక్కడ ఖాళీగా ఉందో చెప్పేవాడికి అక్కడికక్కడే తెలిసిపోతుంది.

వినేవాళ్ళు కథలో చేయి వేయడం మనకు కొత్త కాదు. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలుంటారు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం పలుకుతారు. వాళ్ళ ప్రశ్నలు లేకపోతే బుర్రకథ నడవనే నడవదు.

ఈ కథా చర్చల పద్ధతి పాత కథనైనా ఎంత దూరం తీసుకెళ్ళగలదో చూడాలంటే 1957లో వచ్చిన ‘మాయాబజార్’ దగ్గర ఆగాలి. శశిరేఖా పరిణయం అప్పటికే జనానికి తెలిసిన కథ. 1936లోనే సినిమాగా వచ్చింది. వ్యాస భారతంలో లేకపోయినా జనం నోళ్ళలో నాని నాని నలిగిన కథ. అందులో కొత్త లైన్ అంటూ ఏమీ లేదు. దర్శకుడు కె.వి.రెడ్డి స్క్రిప్టు పూర్తిగా సిద్ధమయ్యాకే కెమెరా ముట్టుకునే మనిషి. ఈ చిత్రానికి స్క్రిప్టు, సెట్లు, తారాగణం కుదుర్చుకోవడానికే దాదాపు ఏడాది పట్టింది. పాండవుల ఇంటి పెళ్ళి కథలో పాండవులు ఒక్కసారైనా తెర మీద కనిపించరు. ఆ నిర్ణయం ఎంత ధైర్యమైనదో సినిమా చూస్తున్నంతసేపూ మనకు తట్టదు, వాళ్ళు లేని లోటు తెలియదు కాబట్టి.

ఇక ప్రియదర్శిని. మూత తీసి చూసినవాళ్ళకు తమకు అత్యంత ప్రియమైనది కనిపించే పెట్టె. శశిరేఖ చూస్తే అభిమన్యుడు. బలరాముడు చూస్తే శిష్యుడు దుర్యోధనుడు. రేవతి చూస్తే నగలు. కృష్ణుడు చూస్తే శకుని! ఒక్క వస్తువు, ఒక్క సన్నివేశం. ఎవరి మనసు ఎక్కడుందో, ఆ ఇంట్లో రేపు ఏ గొడవ రాబోతోందో ప్రేక్షకుడికి తెలిసిపోయింది. పాత్రలను పరిచయం చేయడానికి ఇంతకన్నా పొదుపైన సన్నివేశం తెలుగు తెర మీద మరొకటి లేదనిపిస్తుంది. రచయిత పింగళి నాగేంద్రరావు ‘అసమదీయులు’, ‘తసమదీయులు’ లాంటి మాటలు పుట్టించి రాక్షసులకు సొంత వాడుక ఇచ్చారు. పాత కథ ఇలా అడుగడుగునా కొత్తదైంది.

లైనుకూ, దాన్ని మలిచే తీరుకూ ఉన్న తేడాను చట్టం కూడా గుర్తించింది. ఆర్.జి.ఆనంద్ అనే నాటక రచయిత తన ‘హమ్ హిందుస్తానీ’ నాటకాన్ని కాపీ కొట్టి ‘న్యూఢిల్లీ’ సినిమా తీశారని కోర్టుకెక్కారు. 1978లో సుప్రీంకోర్టు ఆయన వాదనను తోసిపుచ్చింది. ఆలోచన మీద, ఇతివృత్తం మీద ఎవరికీ కాపీరైటు ఉండదని, దాన్ని మలిచి వ్యక్తం చేసిన తీరుకే ఉంటుందని తేల్చింది. లైన్ ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని గుండెలు పట్టుకుని తిరిగే విద్యార్థులు ఈ తీర్పు ఒకసారి చదవాలి. చదివి, లైను దగ్గరే ఆగిపోకుండా సీన్లు రాసుకోవాలి.

నిజంగా కొత్త లైను తట్టినా దానికి ఓపిక కావాలి. తనను చంపినవాడి మీద పగ తీర్చుకునే ఈగ అన్న ఆలోచన రచయిత విజయేంద్రప్రసాద్ ఇంట్లో 1990ల మధ్యలో సరదా మాటల్లో పుట్టింది. ‘ఈగ’ సినిమాగా వచ్చింది 2012లో. అన్నేళ్ళ తర్వాత కూడా దర్శకుడు రాజమౌళి ఆ కథను ఎలా మొదలుపెట్టారు? నిద్రపోయే ముందు కూతురికి తండ్రి చెప్పే కథగా! ఈగ పగబట్టడమేమిటని అడగాల్సిన ప్రేక్షకుణ్ణి, మొదటి నిమిషంలోనే కథ వినే పసిపిల్ల పక్కన కూర్చోబెట్టారు. ఆయనే అంతకు ముందు, 2010లో, బస్టర్ కీటన్ మూకీ చిత్రం ‘అవర్ హాస్పిటాలిటీ’ లైను తీసుకుని రాయలసీమ ఇంటి గడపలో నిలబెట్టి ‘మర్యాద రామన్న’ తీశారు. ఇల్లు దాటితే చావు, గడప లోపల అతిథి మర్యాద. పరాయి లైనైనా మన గడపకు అతికింది.

సిట్టింగుల్లో చెడు కూడా ఉంది. ‘ఫలానా సినిమాలో ఇలా చేశారు, ఆడింది’ అన్న మాట గదిలో పడ్డాక, మంచి కథలు కూడా పది హిట్ల అతుకులబొంతలుగా బయటికొస్తాయి. నెలల తరబడి కూర్చున్న కుర్ర రచయితల పేర్లు తెర మీద పడకపోవడం మరో అన్యాయం. ఇది మారి తీరాలి.

గది వదిలి వీధిలోకి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. వెంకటేశ్ మహా 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ తీసినప్పుడు విశాఖలోని ఆ పేట మనుషులే చాలామటుకు నటులయ్యారు. చివర్లో అందులోని నాలుగు ప్రేమకథలూ కలిసే తీరును అందరూ మెచ్చుకున్నారు. కానీ సినిమాను నిలబెట్టింది మాత్రం ఆ మనుషుల నడక, యాస.

మన విద్యార్థిని సెలవులకు ఊరెళ్ళి నైట్ హాల్ట్ కథను నానమ్మకు చెప్పింది. నానమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింది. మెచ్చుకోలేదు, ఏ సినిమా పేరూ చెప్పలేదు.

‘‘మరి ఆ కండక్టరు రాత్రి అన్నం ఎక్కడ తిన్నాడే?’’ అంది.

ఆ ప్రశ్న ఆమె వేసుకోలేదు. ఊళ్ళో హోటల్ లేదు. రోజూ ఎవరో ఒకరి ఇంటి నుంచి క్యారేజీ రావాలి. ఆ ఇల్లు పారిపోతున్న పిల్లదే అయితే? రెండేళ్ళుగా వాళ్ళమ్మ చేతి కూడు తింటున్నవాడు, తెల్లారి సీటు కింద ఆ పిల్లను చూస్తే టిక్కెట్టు కొడతాడా, ఇంటికి కబురు పెడతాడా? బస్సులో దాక్కున్న అమ్మాయి కథ ఆ పూటతో ఉప్పు తిన్న మనిషి కథగా మారిపోయింది. ఆ తర్వాత ఆమె డిపోకు వెళ్ళి కండక్టర్లతో మాట్లాడింది. ఇప్పుడు సీన్ ఆర్డర్‌లో మొదటి సీను ఖాళీ క్యారేజీ గిన్నెలు బోరింగు దగ్గర కడుగుతున్న కండక్టరు.

మీ ఇంట్లోనూ సినిమా పిచ్చి ఉన్న పిల్లలుంటారు. కథ చెబుతానంటూ పక్కన చేరితే ఫోన్ పక్కన పెట్టి ఓ అరగంట వినండి. బాగుందో లేదో తేల్చేముందు, మీకు నిజంగా తెలుసుకోవాలనిపించినదేదో ఒక్కటి అడగండి.