వీధి దాటితే రాయితీ

కంపెనీలను రప్పించడానికి, ఉన్నవాటిని నిలుపుకోవడానికి అమెరికా నగరాలు ఇచ్చే రాయితీలు ఎక్కువగా పన్నుల రూపంలోనే ఉంటాయి. కొన్నేళ్లపాటు ఆస్తి పన్ను మాఫీ చేస్తారు, లేదా కొత్తగా పెరిగే పన్ను రాబడిలోంచి నిర్మాణ ఖర్చు తిరిగి ఇస్తారు. ఇలాంటి పథకం పెట్టడం తేలికే, సవరించడమే కష్టం. రుచి మరిగిన కంపెనీ రాయితీ తగ్గిస్తామనగానే పక్క ఊరి పేరెత్తుతుంది.

కాన్సస్ సిటీ మహానగరం మిస్సోరి, కాన్సస్ రాష్ట్రాల సరిహద్దు మీద ఉంది. స్టేట్ లైన్ రోడ్డుకు తూర్పున మిస్సోరి, పడమట కాన్సస్. కాన్సస్ 2009లో ఒక పథకం తెచ్చింది. దాని కింద అక్కడికి మారిన కంపెనీ తన ఉద్యోగుల జీతాల్లో కోసిన రాష్ట్ర ఆదాయపు పన్నులో 95 శాతం దాకా తనే ఉంచుకోవచ్చు. జీతం చీటీలో కోత మామూలుగానే కనిపిస్తుంది, సొమ్ము మాత్రం ఖజానాకు చేరదు. మిస్సోరి కూడా తన తాయిలాలు తను పెట్టింది. సినిమా హాళ్ల సంస్థ ఏఎంసీ నగరం నడిబొడ్డు నుంచి కాన్సస్ వైపున్న లీవుడ్‌కు తరలింది. రెస్టారెంట్ల సంస్థ యాపిల్‌బీస్ కాన్సస్ నుంచి మిస్సోరికి వచ్చింది. మహానగరం లెక్కలో ఇవి కొత్త కొలువులు కావు. ఉద్యోగి ఇల్లు మారనక్కర్లేదు, పొద్దున బండి తిప్పే దిక్కు మారితే చాలు. ఈ పోటీలో రెండు రాష్ట్రాలూ కలిసి సుమారు 33.5 కోట్ల డాలర్ల పన్ను వదులుకున్నాయని అంచనా.

ఇది ఆపమని స్థానిక వ్యాపార ప్రముఖులే 2011లో ఇద్దరు గవర్నర్లకూ లేఖ రాశారు. సవరణకు మరో ఎనిమిదేళ్లు పట్టింది. 2019లో ముందు మిస్సోరి చట్టం చేసింది, తర్వాత కాన్సస్ గవర్నర్ లారా కెల్లీ ఉత్తర్వు ఇచ్చారు. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న కౌంటీల మధ్య పాత కొలువునే తరలిస్తే రాష్ట్ర రాయితీ ఉండదని, కొత్త కొలువు సృష్టిస్తే ఉంటుందని అప్పుడు నిర్ణయించారు. గీత సరైన చోటే గీశారు. కానీ స్థానిక సంస్థలు ఇచ్చే ఆస్తి పన్ను మాఫీలు దానికి బయటే ఉండిపోయాయి. పైగా 2024లో మిస్సోరి వైపున్న చీఫ్స్, రాయల్స్ క్రీడా జట్లను రప్పించేందుకు, స్టేడియం ఖర్చులో 70 శాతం దాకా బాండ్లతో సమకూర్చే చట్టాన్ని కాన్సస్ తెచ్చింది. సంతకం చేసింది అదే కెల్లీ.

అసలు రాయితీ లేకపోతే కంపెనీ రాదా? అప్‌జాన్ ఇన్‌స్టిట్యూట్ ఆర్థికవేత్త టిమొతీ బార్టిక్ 2018లో పాత అధ్యయనాలను జల్లెడ పట్టారు. రాయితీ వల్లే నిర్ణయం మార్చుకున్న కంపెనీలు 2 నుంచి 25 శాతం లోపేనని తేల్చారు. మిగతావి ఎలాగూ వచ్చేవే.

డెన్వర్ శివారులోని లిటిల్‌టన్ వేరే దారి పట్టింది. 1980ల చివర్లో పెద్ద కంపెనీ ఒకటి వేలమందిని తీసేశాక, పొరుగింటి పుల్లకూర కోసం వెంపర్లాడటం మానేసింది. ఊళ్లో ఉన్న చిన్న సంస్థలకు మార్కెట్ సమాచారం, పోటీదారుల వివరాలు, కొనుగోలుదారులు ఎక్కడున్నారో చూపే పటాలు నగరపాలక సిబ్బందే సమకూర్చారు. పన్ను రాయితీలు ఇవ్వలేదు. 1990 నుంచి 2005 మధ్య అక్కడి ఉద్యోగాలు దాదాపు రెట్టింపయ్యాయి. అదే కాలంలో డెన్వర్ ప్రాంతమంతా పెరిగింది కాబట్టి ఘనతంతా పథకానిదే అనలేం.

సవరణలో అసలు పని ఒప్పందం షరతుల్లో ఉంటుంది. సొమ్ము ముందుగా కాక, కొలువులు వచ్చాకే ఇవ్వాలి. మాట తప్పితే వెనక్కి రాబట్టే షరతు ఉండాలి. గడువు తేదీ లేని రాయితీ హక్కుగా మారుతుంది. ఊళ్లోనే పదేళ్లుగా ఉన్న చిన్న సంస్థకు కూడా అందేలా అర్హత పరిమితి తగ్గించాలి. పెద్ద పెట్టుబడి ఉంటేనే అన్న షరతు పెడితే ఆ చిన్న సంస్థ దరఖాస్తు గడప దగ్గరే ఆగిపోతుంది.

ఈ షరతులు మన దగ్గరా అవసరమే. 2025 ఏప్రిల్‌లో విశాఖలో ఐటీ సంస్థ టీసీఎస్‌కు 21.16 ఎకరాలు నామమాత్రంగా 99 పైసలకు ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం నిర్ణయించింది. కంపెనీ ఇచ్చిన హామీ రూ.1,370 కోట్ల పెట్టుబడి, 12,000 ఉద్యోగాలు. ఆ 12,000లో ఏటా ఎన్ని వచ్చాయో, వాటిలో కొత్తవెన్నో, వేరే ఊరి ఆఫీసు నుంచి మార్చినవెన్నో ప్రభుత్వం ప్రజలకు ప్రకటించాలి.