నవంబరు బేరాలు

నవంబరు వచ్చిందంటే మిర్యాలగూడ చుట్టూ రోడ్ల మీద వడ్ల ట్రాక్టర్లు బారులు తీరతాయి. సాగర్ ఎడమ కాలువ కింద కోసిన సన్నాలు మిల్లులకు చేరే రోజులవి. టోకెన్ చేతిలో ఉన్నా వంతు వచ్చేసరికి గంటలు గడుస్తాయి, ఒక్కోసారి రాత్రంతా ట్రాలీ పక్కనే కాపలా పడుకోవాల్సి వస్తుంది. ఐపీఎల్ జట్లు ఎవరిని ఉంచుకుంటాయో, ఎవరిని వదిలేస్తాయో చెప్పాల్సిన గడువు కూడా చాలా ఏళ్లు ఈ నెలలోనే పడింది. 2021లో నవంబరు 30, 2023లో నవంబరు 26, 2025లో నవంబరు 15. అందుకే క్యూలో తేమ శాతం దగ్గర, క్వింటాల్ ధర దగ్గర మొదలైన మాట కాసేపటికి సన్‌రైజర్స్ హైదరాబాద్ పర్సు మీదికి మళ్లుతుంది. సూర్యాపేటలో, కోదాడలో హైవే పక్క టీ కొట్ల దగ్గరా అదే చర్చ.

ఏప్రిల్, మే నెలల్లో క్రికెట్ అందరూ చూస్తారు. సిక్సర్ పడితే కేక వేయడానికి అభిమానం ఉంటే చాలు. నవంబరు చర్చకు అది సరిపోదు. లెక్క రావాలి, జ్ఞాపకం ఉండాలి, ఎదుటివాడి అవసరం తెలిసి ఉండాలి. మన పట్టణాల్లో ఇన్నేళ్లుగా పెరిగిన ఈ చర్చను కాలక్షేపం కింద కొట్టిపారేయడం నాకు నచ్చదు. ఇది సాధనతో వచ్చే విద్య.

అసలు ఈ నేలకు ఈ విద్య కొత్త కాదు. మేళ్లచెరువు శివరాత్రి జాతరలో బండలాగుడు పందేలు చూసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. బలమైన ఎడ్లు రెండు తెచ్చి కాడికి కట్టినంత మాత్రాన జత కాదు. దాపట నడిచేది, వలపట నడిచేది ఒకే అడుగు వేయాలి, మలుపులో ఒకటి ఆగితే రెండోది ఆగాలి. అందుకే పందేలు ముగిశాక, తర్వాతి పందేలకు ముందు, ఏ ఎద్దును అమ్మాలి, దేనికి ఏది జత కుదురుతుంది, ఎద్దుకు ఎద్దు ఇచ్చి పైన ఎంత కట్టాలి అని ఊళ్లకు ఊళ్లు మాట్లాడుకుంటాయి. ఆ చూపే ఇప్పుడు క్రికెట్ మీదికి వచ్చింది. పేరు చూసి కొనకు, జత చూసి కొను.

మొదట తెలియాల్సింది లెక్క. 2024లో పెద్ద వేలానికి ముందు ఒక్కో జట్టుకు 120 కోట్ల పర్సు ఇచ్చారు. సన్‌రైజర్స్ ఐదుగురిని ఉంచుకుంది: క్లాసెన్‌కు 23 కోట్లు, కమిన్స్‌కు 18, అభిషేక్ శర్మకు 14, ట్రావిస్ హెడ్‌కు 14, విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డికి 6. మొత్తం 75 కోట్లు. మిగిలిన 45 కోట్లతో కనీసం 18 మంది, గరిష్ఠంగా 25 మంది ఉండే జట్టును నింపాలి. విదేశీయులు ఎనిమిది మందికి మించకూడదు, మైదానంలోకి దిగే పదకొండు మందిలో నలుగురికి మించకూడదు. ఈ అంకెలు నోటికి రానివాడి మాట చర్చలో నిలవదు. ఎవరైనా ఉత్సాహపడి "ఫలానా బౌలర్‌ను కూడా కొనాల్సిందన్నా" అంటే, పక్కనున్నవాడు వెంటనే "సరే తమ్మీ, ఎవరిని తీసేస్తవ్?" అని అడుగుతాడు. నా ఉద్దేశంలో ఈ చర్చ మొత్తానికీ ప్రాణం ఆ ప్రశ్నే. కావాలనడం తేలిక. దానికోసం దేన్ని వదులుకుంటావో పేరు పెట్టి చెప్పాలి.

ఆ 45 కోట్లలో, జెద్దాలో జరిగిన ఆ పెద్ద వేలంలో ఇషాన్ కిషన్‌కు 11.25 కోట్లు, షమీకి 10, హర్షల్ పటేల్‌కు 8 పోయాయి. ముగ్గురితోనే 29 కోట్లు దాటింది. బ్యాటింగ్‌కు కుమ్మరించి బౌలింగ్‌ను ఒకరిద్దరి భుజాల మీద పెట్టారని అప్పుడే అన్నవాళ్లున్నారు. 2025 మార్చి 23న రాజస్థాన్ మీద జట్టు 286 కొట్టినప్పుడు, అందులో కిషన్ సెంచరీ చేసినప్పుడు వాళ్లు నోరు మూసుకోవాల్సి వచ్చింది. సీజన్ ముగిసేసరికి జట్టు ఆరో స్థానంలో ఉంది, షమీ తొమ్మిది మ్యాచుల్లో తీసినవి ఆరే వికెట్లు. అప్పుడు వాళ్ల మాటకు మళ్లీ విలువ వచ్చింది. ఎవరేమన్నారో గుర్తు పెట్టుకునేవాడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. "పోయినేడు నువ్వేమన్నవ్ బావా?" అని అతను అడిగితే తప్పించుకోవడం కుదరదు.

ఇక ట్రేడ్ సంగతి. వేలం బహిరంగం, ట్రేడ్ తలుపు చాటు బేరం. సీజన్ ముగిసిన వారానికి ఆ తలుపు తెరుచుకుంటుంది, వేలానికి వారం ముందు మూసుకుంటుంది. ఆటగాడికి ఆటగాడిని ఇవ్వొచ్చు, తేడా వస్తే డబ్బు కట్టొచ్చు, ఉత్త డబ్బుకే ఇచ్చేయొచ్చు. ఆటగాడి అంగీకారం మాత్రం ఉండాలి. ఈ బేరాలను తూచడంలోనే అసలు నేర్పు బయటపడుతుంది. దానికి మన జట్టు చరిత్రలో 2018 నవంబరును మించిన ఉదాహరణ లేదు.

ఆ ఏడాది వేలంలో శిఖర్ ధావన్‌ను సన్‌రైజర్స్ ఆర్‌టీఎం కార్డుతో, అంటే ఇంకో జట్టు పాడిన ధరే ఇచ్చి పాత ఆటగాణ్ని నిలుపుకునే హక్కుతో, 5.2 కోట్లకు వెనక్కి తెచ్చుకుంది. ఆ ధర ధావన్‌కు మింగుడుపడలేదని తర్వాత జట్టే ప్రకటనలో చెప్పింది. అతను తన సొంతూరు ఢిల్లీ జట్టుకు వెళ్లాడు. బదులుగా వచ్చినవాళ్లు ముగ్గురు: 3.2 కోట్ల విజయ్ శంకర్, 3.2 కోట్ల షాబాజ్ నదీమ్, 55 లక్షల అభిషేక్ శర్మ. ముగ్గురి ధర కలిపితే 6.95 కోట్లు, తేడా సన్‌రైజర్స్ కట్టింది. అప్పట్లో వాదనంతా మొదటి రెండు పేర్ల మీదే నడిచింది. శంకర్ నాలుగో నంబరుకు సరిపోతాడా, రషీద్ ఖాన్ ఉండగా నదీమ్ ఎందుకు? మూడో పేరు గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. 2018లో బెంగళూరు మీద 19 బంతుల్లో 46 కొట్టిన పద్దెనిమిదేళ్లు కూడా నిండని పిల్లవాడు, అంతే.

తర్వాత రెండేళ్లూ ఆ బేరం మనకు నష్టంగానే కనిపించింది. ధావన్ 2019లో 521 పరుగులు చేశాడు. 2020లో 618 చేసి, ఐపీఎల్‌లో వరుసగా రెండు మ్యాచుల్లో సెంచరీలు కొట్టిన మొదటి ఆటగాడయ్యాడు, ఢిల్లీ ఫైనల్ ఆడింది. మూడో పేరు పండటానికి 2022 దాకా పట్టింది. ఆ ఏడాది 426 పరుగులు, 2024లో 484 పరుగులు, 42 సిక్సర్లు. 2025 ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబ్ మీద 141.

మరి ఆ బేరం లాభమేనా? ఇక్కడ ఒక మెలిక ఉంది, మంచి వాదకులు దాన్ని వదలరు. 2022 పెద్ద వేలానికి ముందు సన్‌రైజర్స్ అభిషేక్‌ను వదిలేసి, వేలంలో 6.5 కోట్లు పెట్టి మళ్లీ కొనుక్కుంది. "ట్రేడ్ లెక్క ఆడికే బందైంది, తర్వాతది కొత్త బేరం" అంటారు కొందరు. వదిలినా మళ్లీ కొనాలనిపించేంతగా అతన్ని మూడేళ్లు దగ్గర పెట్టుకుని చూశారు కదా, ఆ చూడటమే ట్రేడ్ ఇచ్చిన లాభం అంటారు మరికొందరు. నేను రెండోవాళ్ల పక్షం. బయటి జట్ల కంటే మనవాళ్లకు అతని గురించి ఎక్కువ తెలియడం వల్లే 6.5 కోట్ల దాకా వెళ్లగలిగారు.

అమెరికా బేస్‌బాల్ అభిమానులు చలికాలమంతా ఇలాంటి బేరాలే చర్చించుకుంటారు, వందేళ్ల పాతవాటిని కూడా వదలరు. 1987 ఆగస్టులో డెట్రాయిట్ జట్టు ఆ ఏడాది గెలుపు కోసం డోయల్ అలెగ్జాండర్ అనే అనుభవజ్ఞుడైన పిచర్‌ను అట్లాంటా నుంచి తెచ్చుకుంది. అతను తొమ్మిది మ్యాచులు గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు. బదులుగా ఇచ్చిన ఇరవై ఏళ్ల కుర్రాడి పేరు జాన్ స్మోల్ట్జ్. అట్లాంటాకు ఏళ్ల తరబడి ఆడి 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాడు. డెట్రాయిట్ తప్పు చేసిందా? ఆ ఏడాది వాళ్లు తమ డివిజన్‌లో మొదటి స్థానంలో నిలిచారు. ఈ సీజన్ గెలుపుకు ఎంత, రాబోయే పదేళ్లకు ఎంత అన్నది ఏ తూకంలోనూ సరిగ్గా తేలదు. తేలదు కాబట్టే మనుషులు దాని గురించి మాట్లాడుకోవాలి.

ఈ విద్యలో అన్నిటికంటే పై మెట్టు అవతలి జట్టు కుర్చీలో కూర్చుని ఆలోచించడం. కొత్తగా చర్చలో చేరిన కుర్రాళ్లు "మన నలుగురిని ఇచ్చి బుమ్రాను తెచ్చుకుందాం" అంటారు. పెద్దవాళ్లు కసురుకోరు, ఒకటే అడుగుతారు: "ఆళ్లెందుకు ఇస్తర్రా?" 2025 నవంబరులో షమీ లక్నోకు వెళ్లినప్పుడు ఈ ప్రశ్నను రెండు వైపులా వేసి చూడాల్సి వచ్చింది. లక్నోకు అనుభవమున్న పేసర్ కావాలి, పర్సులో చోటుంది. మనకు ముప్పై అయిదేళ్ల బౌలర్ మీద కట్టేసిన 10 కోట్లు తిరిగి కావాలి. బదులుగా ఎవరినీ తీసుకోకుండా డబ్బుకే ఇవ్వడం కొందరికి అవమానంగా తోచింది. జాంపాను, రాహుల్ చాహర్‌ను కూడా వదిలేసి 25.5 కోట్లతో డిసెంబరు వేలానికి వెళ్లడం తెలివైన పనని మిగిలినవాళ్లన్నారు. అబుదాబిలో జరిగిన ఆ వేలంలో అందులోంచి 13 కోట్లు లివింగ్‌స్టన్‌కే పెట్టడంతో రెండు పక్షాలూ మళ్లీ మొదలుపెట్టాయి. హెడ్, క్లాసెన్, కమిన్స్ ఉన్న జట్టులో నాలుగో విదేశీ స్థానానికి అంత ధరా? బౌలర్ కదా కొనాల్సింది? నాకూ ఆ అనుమానమే ఉంది.

గాయాల జ్ఞాపకం కూడా ఈ చర్చలో భాగమే. 2016లో కప్పు గెలిపించిన వార్నర్‌ను 2021 సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి తీసేశారు, ఆ నవంబరులో రషీద్ ఖాన్‌ను వదులుకున్నారు. విలియమ్సన్‌కు 14 కోట్లిచ్చి, అబ్దుల్ సమద్‌నూ ఉమ్రాన్ మాలిక్‌నూ చెరో 4 కోట్లకు ఉంచుకున్నారు. రషీద్ వెళ్లిన గుజరాత్ మరుసటి ఏడాదే కప్పు గెలిచింది. మనం 2022లో ఎనిమిదో స్థానం, 2023లో అట్టడుగు. ఆ రెండేళ్లు జట్టును వదలకుండా పట్టుకున్నవాళ్లే అప్పటి వేలాల్లో క్లాసెన్ 5.25 కోట్లకు, హెడ్ 6.8 కోట్లకు దొరికారని ఇప్పటికీ చెప్పుకుని మురుస్తారు. కమిన్స్‌కు 20.5 కోట్లేంటని వాపోయినవాళ్లు, అతని కెప్టెన్సీలో 2024లో జట్టు ఫైనల్ చేరాక మాట మార్చుకున్నారు. మాట మార్చుకోవడాన్ని ఈ గుంపుల్లో ఎవరూ చిన్నతనంగా చూడరు. ఏ లెక్క చూసి మార్చుకున్నావో చెబితే చాలు.

ఒక సంగతి ఇక్కడ గట్టిగా చెప్పాలి. క్రికెట్ పేరుతో మన పట్టణాల్లో బెట్టింగ్ చేస్తున్న చేటు చిన్నది కాదు. తెలంగాణ ప్రభుత్వం 2017లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. అయినా ఫోన్లలో ఆ ఊబిలో దిగి అప్పులపాలైన కుర్రాళ్ల కథలు వింటూనే ఉన్నాం. బెట్టింగ్‌లో బంతి బంతికీ గుండె దడే తప్ప ఆలోచనకు చోటుండదు. నవంబరు చర్చలో పణంగా పెట్టేది మాట ఒక్కటే, దాని ఫలితం తేలడానికి ఏళ్లు పడుతుంది. ఓపిక పట్టడం, కారణం చెప్పడం, ఓడిన వాదనను ఒప్పుకోవడం ఇంత ఇష్టంగా నేర్చుకునే చోట్లు మన కుర్రాళ్లకు ఎన్ని ఉన్నాయి? డిగ్రీ చదివే పిల్లలు, హమాలీలు, మిల్లు గుమస్తాలు, లారీ డ్రైవర్లు ఒకే బల్ల చుట్టూ చేరి సమానంగా వాదించుకునే సందర్భాలు ఎన్ని ఉన్నాయి? అక్కడ కులం, చదువు, సొమ్ము అడగరు. అంకె తప్పు చెబితే మాత్రం ఊరుకోరు.

లెక్క ఓడిపోయే చోటు ఒకటుంది, చర్చ ఎప్పుడు మొదలైనా చివరికి అక్కడికే చేరుతుంది. మనవాళ్లు మన జట్టులో ఎందుకు లేరు? హైదరాబాద్ కుర్రాడు సిరాజ్‌ను 2017లో 2.6 కోట్లకు తీసుకుని, మరుసటి ఏడాది అదే ధరకు బెంగళూరుకు పోనిచ్చారు. 2024 వేలంలో 12.25 కోట్లకు గుజరాత్‌కు వెళ్లిన అతను, 2025 ఏప్రిల్ 6న ఉప్పల్‌లోనే మన మీద 17 పరుగులిచ్చి 4 వికెట్లు తీశాడు. తిలక్ వర్మ 2022లో 1.7 కోట్లకు ముంబైకి వెళ్లి అక్కడే పాతుకున్నాడు, ఇప్పుడు అతని ధర 8 కోట్లు. ఊరి పేరు చూసి కొంటే జట్టు నిలవదని కోదాడలో వాదించేవాళ్లున్నారు, వాళ్ల మాటలో న్యాయముంది. కానీ సిరాజ్ విషయంలో లెక్కా ఊరి మమకారమూ ఒకే మాట చెబుతున్నాయి. ఉప్పల్ పిచ్ బాగా ఎరిగిన కొత్తబంతి బౌలర్ అతను, షమీ వెళ్లాక మనకున్న పెద్ద లోటు కొత్తబంతే. గుజరాత్ ఎందుకిస్తుందన్నది ప్రశ్న. హర్షల్ పటేల్‌ను ఇస్తే సరిపోదు. ఇషాన్ కిషన్ మాట ఎత్తితే కూర్చుని మాట్లాడతారేమో.

ఈ బేరం మిర్యాలగూడ క్యూలో ఒప్పుకోరని నాకు తెలుసు. ఎందుకు ఒప్పుకోరో చెప్పమనండి.