సిరా లేని ముగ్గు

ఈసారి పెళ్లి శుభలేఖ చేతికొస్తే ఒక్కసారి వెనక్కి తిప్పి తడిమి చూడండి. ముందువైపు అక్షరాలు ఉబ్బి మెరుస్తున్నా వెనక నున్నగా ఉందంటే అది పొడి పని. తడి సిరా మీద రెసిన్ పొడి చల్లి వేడి తగిలిస్తే అది కరిగి అలా పొంగుతుంది. వెనక వేలికి గుంట తగిలిందా, అది కాగితాన్నే ఒత్తి లేపిన అసలు ఎంబాసింగ్. నా ఓటు గుంటకే. ఎందుకంటే అది ప్రెస్సు లేకుండా ఇంట్లోనూ కుదురుతుంది.

మాడుగుల నుంచి బంధువులకు ఏం వెళ్లినా పక్కన హల్వా డబ్బా వెళ్లాల్సిందే. ఆ డబ్బా మీద కొట్టు పేరు ఉంటుంది గాని పంపినవాళ్ల చేతి గుర్తు ఉండదు. అరచేతిలో పట్టే కార్డు ఒకటి జత చేయడానికి పావుగంట చాలు.

కావలసినవి: రెండు వందల జీఎస్‌ఎం దాటిన తెల్ల కార్డు, పాత ఎక్స్‌రే ఫిల్ము, బ్లేడు, సిరా పూర్తిగా ఎండిపోయిన బాల్‌పెన్ను. పెన్నులో సిరా మిగిలి ఉంటే కార్డు పాడైనట్టే, ముందు చిత్తు కాగితం మీద గీసి చూసుకోండి. ఫిల్ములో మామిడి పిందె ఆకారం కత్తిరించి, పగటిపూట కిటికీ అద్దానికి టేపుతో అంటించండి. దాని మీద కార్డును, ముందువైపు అద్దానికేసి ఉండేలా పెట్టండి. వెలుతురుకు పిందె ఆకారం చుట్టుపక్కల కన్నా తేటగా కనిపిస్తుంది. కార్డు వెనక కొవ్వొత్తి ముక్క రుద్దితే పెన్ను మొన జారుతుంది. ఇక ఆ ఆకారం అంచు వెంట లోపలివైపు తేలిగ్గా ఒకసారి, కొంచెం గట్టిగా రెండోసారి గీయండి. మొదటిసారే బలం చూపిస్తే మలుపు దగ్గర కాగితం పుటుక్కున చిరుగుతుంది.

అక్షరాలతోనే చిక్కు. వెనక నుంచి ఒత్తుతున్నాం కాబట్టి 'శ్రీ' మనకు తిరగబడి కనిపించేలా ఫిల్మును అంటించాలి. మొదటిసారి అందరూ ఇక్కడే బోల్తా పడతారు, నేనూ పడ్డాను. చూపులేనివారు పలకా మొనతో బ్రెయిలీ రాసేటప్పుడు కుడి నుంచి ఎడమకు చుక్కలు పొడిచేది ఇందుకే. కాగితం తిప్పాక అవి ఎడమ నుంచి కుడికి చదువుకోవడానికి వస్తాయి.

చుక్కల మాట వచ్చింది గనుక, ఈ పనికి మన ముగ్గును మించిన నమూనా లేదు. ఫిల్మూ అక్కర్లేదు. కార్డును పాత రబ్బరు చెప్పు అట్ట మీద బోర్లించి, ఏడు చుక్కల ముగ్గుకు పెన్సిల్‌తో సన్నగా గుర్తులు పెట్టి ఒక్కో చుక్కనూ నొక్కడమే. కంసాలి వెండి రేకును లక్క ముద్ద మీద బోర్లించి వెనక నుంచి సుత్తితో పువ్వును లేపేదీ ఇదే సూత్రంతో. కింద మెత్తన, పైన మొన. తాటాకు మీద గంటం చేసిన పని దీనికి ఎదురు: అక్కడ అక్షరం లోపలికి దిగుతుంది, మసి పూస్తేనే కనిపిస్తుంది.

కాగితం కూడా ఇంట్లోనే చేసుకుంటామనే వారికి ఒక మాట. నూలు గుడ్డ పేలికలతో చేసిన కాగితం పొడుగు నారల వల్ల సాగి ఒత్తిడిని ఓర్చుకుంటుంది, కానీ గుడ్డ మన మిక్సీకి లొంగదు. పాత నోటు పుస్తకాలు నానబెట్టి రుబ్బి, కాస్త గంజి కలిపి, ఎంబ్రాయిడరీ రింగుకు బిగించిన దోమతెర మీద వడకట్టండి. ఇందులో నారలు పొట్టివి, ఎండాక ఒత్తితే పగుళ్లు తీస్తుంది. అందుకే సగం తడి ఉండగానే ఈనెలు తేలిన రావి ఆకునో, పెడన కలంకారీ అచ్చునో పెట్టి పైన బరువు ఉంచండి. ఎండేసరికి ఈనె ఈనె దిగి ఉంటుంది.

సిరా లేని పనికి ఒక లోపం ఉంది. 1852లో సింధు ప్రాంతంలో వచ్చిన సింధ్ డాక్ బిళ్లలు ఆసియాలోనే మొదటి తపాలా బిళ్లలు. అవి ఒత్తి చేసినవే. ఎర్ర లక్క మీద ఒత్తినవి పెళుసుగా పగిలిపోయాయి. తెల్ల కాగితం మీద తెల్లగా ఒత్తినవి దీపం వెలుగులో సరిగా కనిపించేవి కావు. చివరికి నీలి రంగు వేయాల్సి వచ్చింది. తెల్ల ఉబ్బెత్తుకు పక్క నుంచి పడే వెలుతురు కావాలి. పొద్దున్నే వీధరుగు మీద వాలుగా పట్టుకుంటే ఒక్కో చుక్కకూ దాని నీడ దానికి వస్తుంది. ఫోనులో వచ్చే శుభలేఖకు ఆ నీడ లేదు, తడిమి చూసే వీలూ లేదు.

వానాకాలం చెమ్మకు కాగితం మెత్తబడి చుక్కలు అణిగిపోతాయి. కార్డులను బరువు కింద పెట్టకుండా, మధ్యన పల్చటి కాగితాలు వేసి డబ్బాలో దాచండి. పసుపు రాసేటప్పుడు నాలుగు మూలలకే రాయండి. తడి వేలు ముగ్గుకు తగిలితే చుక్క కుంగిపోతుంది, మళ్లీ లేవదు.