ఉంగరం వేలు

పోయిన నెల మొదటి ఆదివారం మా గుళ్లో హార్మోనియం ముందు నేను కూర్చోలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లలో జ్వరాలకీ పెళ్లిళ్లకీ తప్ప ఆ చాప ఖాళీగా వదిలింది లేదు. ఈసారి జ్వరమూ లేదు, పెళ్లీ లేదు. మానేశానంతే.

కారణం కుడిచేతి ఉంగరం వేలు. రెండేళ్లుగా అది మెట్టు నొక్కమంటే నొక్కుతుంది గాని లేవమంటే వెంటనే లేవదు. తొందరపడితే రెండు స్వరాలు కలిసి కూస్తాయి. అందుకని అది లేచేదాకా ఒక్క క్షణం ఆగడం అలవాటు చేసుకున్నాను. డాక్టరు కీళ్లవాతమని మాత్రలిచ్చాడు. నేను మాత్రలతోపాటు కొన్ని ఎత్తులూ వేశాను. వడిగా నడిచే పాటలు తగ్గించాను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి కదా, అవి చూసి చేతికి లొంగేవే ఏరుకునేవాణ్ని. పాస్టరు గారి ప్రసంగానికి ఏ పాట నప్పుతుందని కాదు, నా వేలికి ఏది నప్పుతుందని.

ఎవరూ కనిపెట్టలేదనుకున్నాను. ముందు వరసలో కూర్చునే ఎనభై ఏళ్ల పెద్దమ్మ ఒకావిడ ఆరాధన అయ్యాక చెప్పులు వెతుక్కుంటూ అడిగింది: "ఏరా అబ్బాయ్, చరణం మధ్యలో నీ కోసం మేం ఆగుతున్నామా, మా కోసం నువ్వు ఆగుతున్నావా?" నవ్వేసి తప్పుకున్నాను. మరుసటి వారం చెవిపెట్టి విన్నాను. నిజమే. గుడి గుడంతా నా వేలు లేచేదాకా ఊపిరి బిగబట్టుకుని కాచుకుంటోంది. చిన్నపిల్లలైతే పాటలోనే ఆ ఆగుడు ఉందనుకుని, ఇంటి దగ్గర కూడా అక్కడ ఆగి పాడుతున్నారట.

అయినా ఇంకో ఏడాది లాగాను. ఉద్యోగానికి రిటైర్మెంటు ఉంది గాని సేవకి లేదు. పాడటం సేవ, తబలా వాయించడం సేవ, బెంచీలు తుడవడం సేవ. మానుకున్నవాణ్ని 'చల్లారిపోయాడు' అంటారు. నాగలి మీద చెయ్యి వేసి వెనక్కి చూడటం గురించి ప్రభువు అన్నది ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. పైగా మాది ఒంగోలు. ఇక్కడ బాప్టిస్టు ఇంట్లో పుట్టిన బిడ్డకి ఉగ్గుపాలతో పోసే కథే వదిలిపెట్టకపోవడం గురించి.

నెల్లూరు మిషన్‌ని మూసేద్దామని, దాన్ని నడిపే బాప్టిస్టులు అమెరికాలో అనుకున్నది ఒకసారి కాదు. 1853లో ఆ చర్చ జరుగుతున్నప్పుడు, పటం మీద ఒంటరిగా ఉన్న ఆ మిషన్‌ని 'లోన్ స్టార్' అన్నారు. ఆ పేరు నిలిచింది, మిషనూ నిలిచింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున అక్కడి మిషనరీ జ్యూవెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు ఇక్కడి విశ్వాసులు మా ఊరి గుట్ట ఎక్కి మోకరించారు. అదే ఇప్పటి ప్రార్థన కొండ. 1862లో మళ్లీ మూసేత మాట వస్తే జ్యూవెట్ ససేమిరా అన్నాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మా సండే స్కూలు పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా ఈ అంకె చెబుతారు.

ఈ కథని నేను చాలాకాలం అడ్డం పెట్టుకున్నాను. ఈమధ్యే అందులో మరో మనిషి మీద కన్ను పడింది. ఆ మిషన్ మొదలుపెట్టిన శామ్యూల్ డే. 1836లో వచ్చినవాడు. ఆరోగ్యం పాడై 1853లో, అంటే సరిగ్గా ఆ లోన్ స్టార్ ఏడాదే, అమెరికా వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆయన చల్లారిపోయాడని ఏ ప్రసంగంలోనూ వినలేదు నేను. గుండ్లకమ్మ రోజున కూడా నీళ్లలోకి దిగి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులేసుకుని. అప్పటి మిషనరీ క్లౌ దొర గట్టునే ఉన్నాడు. మిషన్ ఆగకూడదని పట్టుబట్టినవాళ్లు ఎవరూ ఫలానా మనిషి ఆగకూడదని పట్టుబట్టలేదు. ఆ రెంటినీ కలిపి ముడేసుకుంది నేనే.

సంఖ్యాకాండం ఎనిమిదో అధ్యాయంలో ఇంకా సూటిగా ఉంది. లేవీయులు 25 ఏళ్లకి ప్రత్యక్షపు గుడారం పనిలోకి రావాలి, 50 నిండితే దిగిపోవాలి. తర్వాత తమవాళ్లకి తోడుగా ఉండొచ్చు గాని ఆ పని మాత్రం చెయ్యకూడదు. నాకు 59. "అది లేవీయులకి పెట్టిన నియమం లెండి మాస్టారూ" అన్నారు పాస్టరు గారు. ఆయన ఇబ్బంది ఆయనది, హార్మోనియం వాయించేవాళ్లు దొరకొద్దూ!

ప్రతి డిసెంబరు 31 రాత్రీ 'ఇంకో ఏడాదికి బలమియ్యి ప్రభువా' అని అడిగేవాణ్ని. 'ఇక చాలా?' అని అడిగింది ఒక్కసారే, మొన్న. ఆకాశవాణి ఏమీ వినిపించలేదు. ఇంటికొచ్చి ఎప్పుడూ లేనంత హాయిగా నిద్రపోయాను.

ఇప్పుడు ఇంటర్ చదివే అమ్మాయి కీబోర్డు వాయిస్తోంది. మీట నొక్కితే శ్రుతి మారిపోతుంది దానికి. ఈర్ష్య లేదంటే అబద్ధం. మూడో వరసలో కూర్చుని చూశాను. నా వేళ్లు మోకాలి మీద వాటంతటవే ఆడుతున్నాయి, ఆ ఒక్కటి తప్ప. చరణం మధ్యలో అలవాటుగా గుడంతా ఆగింది. అమ్మాయి ఆగలేదు. అందరూ పరుగెత్తి అందుకున్నారు.

బయట చెప్పుల దగ్గర పెద్దమ్మ రొప్పుతోంది. "ఏరా, ఆ పిల్లకి చెప్పరా, కాస్త ఊపిరి తీసుకోనివ్వమని."

"నువ్వే చెప్పు పెద్దమ్మా" అన్నాను.