తగ్గాక వెళ్దువుగాని: వీటా శాక్విల్-వెస్ట్ చివరి నవల

మా అక్కకి అండాశయ కాన్సర్. అది రెండోసారి తిరగబెట్టినప్పుడు అక్క ఒక కోరిక బయటపెట్టింది. చెన్నై నించి బయల్దేరే విహార నౌకలో మూడు రాత్రులు గడపాలని. గోదావరి మీద లాంచీ తప్ప మరో ఓడ ఎక్కని మనిషి. విన్నవాళ్ళందరం ఒకే మాట అన్నాం: "తగ్గాక వెళ్దువుగాని." బావగారు, పిల్లలు, చివరికి నేను కూడా. తగ్గదని మాకు తెలుసు, అక్కకీ తెలుసు. అత్తగారు మాత్రం ఇంకో మాట అన్నారు: "అంతగా ఎటైనా వెళ్ళాలనుంటే కాశీ తీసుకెళ్తాంలే." కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అన్న సామెత ఆ గదిలో అందరికీ గుర్తొచ్చే ఉంటుంది. చావు దగ్గరపడ్డ ఆడదానికి పుణ్యయాత్ర ఉంది. సరదా యాత్ర లేదు.

ఆ రోజుల్లోనే వీటా శాక్విల్-వెస్ట్ చివరి నవల 'నో సైన్‌పోస్ట్స్ ఇన్ ద సీ' (1961) చదివాను. వర్జీనియా ఉల్ఫ్ 'ఒర్లాండో' (1928)కి ప్రేరణగానే ఆమె మనలో చాలామందికి తెలుసు. ఈ నవలని విరాగో వాళ్ళు 1985లో మళ్ళీ వేశారు. కథ చిన్నది. ఎడ్మండ్ కార్ పేరున్న పత్రికా రచయిత. ఇంక కొద్ది నెలలే బతుకుతావని డాక్టరు చెప్తాడు. తను మనసుపడ్డ లారా అనే వితంతువు ఓడ ప్రయాణానికి వెళ్తోందని తెలిసి, ఉద్యోగం వదిలేసి, అదే ఓడకి టికెట్టు కొనుక్కుంటాడు. రోగం సంగతి ఆమెకి చెప్పడు. నవలంతా అతని డైరీ.

కీమో ఎక్కుతున్న ఒక మధ్యాహ్నం అక్కకి ఈ కథ చెప్పాను. అంతా విని ఒకటే అడిగింది: "ఇతనికి ఇంట్లో ఎవరూ లేరా?"

నవల మీద అంతకన్నా సూటి విమర్శ నేను రాయలేను. ఎడ్మండ్ అనుకోగానే బయల్దేరగలిగాడంటే అతనికి జవాబు చెప్పుకోవాల్సిన వాళ్ళు లేరు. తన జబ్బుకి తనే యజమాని. దాచుకోవాలంటే దాచుకోగలడు. అక్క జబ్బు మొదటి రోజు నించీ ఇంటిల్లిపాదిదీ. రిపోర్టులు బావగారి ఫోన్‌లో, మందుల చీటీ కోడలి దగ్గర, డాక్టరుతో మాటలు కొడుకువి. వీటా రాసిన ఆ గంభీరమైన ఒంటరితనాన్ని, ఆ సముద్రాన్ని, దూరంగా కనిపించి వెనక్కి వెళ్ళిపోయే దీవుల్ని నేను ఇష్టంగానే చదివాను. కానీ ఆ ఒంటరితనం ఎంత ఖరీదైందో నవల ఎక్కడా లెక్క చెప్పదు. అతని కాబిన్ తుడిచే చేతుల ఊసు దాదాపు లేదు.

ఇక లారా. పెళ్ళిలో కూడా ఇద్దరికీ ఎవరి గది వాళ్ళకి, ఎవరి జీవితం వాళ్ళకి ఉండాలని వాదించే స్త్రీ. వీటా తన దాంపత్యంలో పాటించిన సూత్రాలే ఆమె నోట పలికించింది. అయితే లారాని మనం ఎడ్మండ్ కళ్ళతోనే చూస్తాం. ఆమె చుట్టూ తిరిగే కల్నల్ మీద అతని అసూయ మధ్యనించి ఆమె మాటలు ఏరుకోవాలి. మరణం ముందు నిలబడి ప్రపంచాన్ని కొత్తగా చూసే హక్కు మగవాడిది. అతను చూడ్డానికి అందంగా ఉండటం ఆమె పని. ముప్పై ఏళ్ళ ముందు 'ఆల్ పాషన్ స్పెంట్' (1931)లో ఎనభై ఎనిమిదేళ్ళ లేడీ స్లేన్ చేత పిల్లల మాట కాదనిపించి, విడిగా కాపురం పెట్టించిన రచయిత్రే ఈమె. ఆ ముసలావిడకి ఇచ్చిన స్వేచ్ఛని ఈ ఓడలో స్త్రీకి ఎందుకివ్వలేదు?

దీనికి జవాబు నవలలో కాక వీటా జీవితంలో ఉందేమో అనిపిస్తుంది. భర్త హెరాల్డ్ నికల్సన్‌తో ఆమె 1957 నించి చలికాలాల్లో ఓడ ప్రయాణాలు చేసింది. ఈ నవల వాటిలోంచే పుట్టింది. 1962 జనవరిలో కరీబియన్ ప్రయాణానికి ఓడ ఎక్కబోతూ, రైల్లోనే ఆమెకి రక్తస్రావమైంది. భర్తకి చెప్పలేదు. ప్రయాణం పూర్తి చేసింది. తిరిగొచ్చాక కాన్సర్ అని తేలింది. జూన్‌లో చనిపోయింది. నవల రాసేనాటికి ఆమెకి తన జబ్బు తెలీదు. తర్వాత తన పాత్ర చేసిన పనే తనూ చేసింది.

అదే పనా? ఎడ్మండ్ దాచింది తన కోసం, లారా జాలిపడకూడదని. వీటా ఎందుకు దాచిందో ఆమె చెప్పలేదు. నేను మాత్రం దాన్ని ఎరిగిన పద్ధతిగానే చదువుతాను: ఇంట్లోవాళ్ళ ప్రయాణం పాడవకూడదని. పండగ వెళ్ళేదాకా రొమ్ములో గడ్డ సంగతి చెప్పని అమ్మల్ని మనం చూడలేదా? అంతటి సంపన్నురాలు, అంత స్వతంత్రంగా బతికిన మనిషి కూడా ఆ రైల్లో మన అమ్మలాగే నోరు మూసుకుంది. నవలలో మగవాడి ఆత్మగౌరవంగా కనిపించిన మౌనం, ఆడదాని దగ్గరికి వచ్చేసరికి సేవగా మారిపోయింది.

ఈ రోజుల్లో ఎడ్మండ్‌కి అంత సులువుగా ఉండదు. టికెట్టుతో పాటు ప్రయాణ బీమా కాగితం వస్తుంది. అంతకుముందే ఉన్న జబ్బులేమిటో రాయాలి. దాస్తే రేపు డబ్బు అడిగినప్పుడు కాదనడానికి అదే కారణమవుతుంది. ప్రయాణానికి పనికొస్తావని డాక్టరు చీటీ కావాలి. ఓడలో ఆస్పత్రి గది ఉంటుంది కానీ అది ఒడ్డుకి చేర్చేదాకా ప్రాణం నిలబెట్టడానికే. తేదీ దగ్గరపడేకొద్దీ రద్దు చేసుకుంటే తిరిగొచ్చే డబ్బు తగ్గిపోతుంది.

అక్క ఇవన్నీ తనే చదివింది. కాలెండరు ముందేసుకుని లెక్క కట్టింది. మూడు వారాలకోసారి కీమో. మొదటి వారం వాంతులు, నీరసం. రెండో వారం తెల్లకణాలు పడిపోతాయి, పదిమందిలోకి వెళ్ళకూడదు. మూడో వారమే తనది. ఆ వారంలో ఓడ ఉన్న తేదీ వెతికి, డాక్టరుని తనే అడిగి, తన పెన్షన్ డబ్బుతో రెండు టికెట్లు కొంది. జబ్బు ఉందా అన్న చోట 'ఉంది' అని రాసింది. తర్వాత నాకు ఫోన్ చేసి, "నువ్వు నర్సులా వస్తావా, చెల్లెలిలా వస్తావా?" అనడిగింది.

వెళ్ళొచ్చాం. రెండో రోజంతా అక్క కాబిన్‌లో పడుకునే ఉంది. మూడో తెల్లవారుజామున డెక్కు మీద కుర్చీలో కూచుని, నన్ను మాట్లాడొద్దంది. ఏడు నెలల తర్వాత పోయింది.

ఎడ్మండ్ డైరీని ఇప్పటికీ మంచి రచనే అంటాను. కానీ ఆ ఓడలో రాయకుండా మిగిలిన డైరీ మరొకటి ఉంది. 1962 జనవరిలో రైలు దిగి, ఏమీ జరగనట్టు ఓడ మెట్లెక్కిన స్త్రీది. దాన్ని ఆమె రాయలేదు. మన ఇళ్ళలో ఆడవాళ్ళు కూడా రాయడం లేదు. "తగ్గాక" అన్న మాట దగ్గరే ఆగిపోతున్నారు.