నార్మల్ రిపోర్టు చూడని నరాలు

చర్మం మీద క్షణకాలం వేడి తగిలించి, ఆ కబురు మెదడుకు చేరిందో లేదో తలమీది ఎలక్ట్రోడ్లతో పట్టుకునే పరీక్షను లేజర్ ఎవోక్డ్ పొటెన్షియల్స్ అంటారు. 1976లో కార్మన్, ఆయన సహచరులు కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో దీనికి బాట వేశారు.

ఆసుపత్రుల్లో మామూలుగా చేసే ఎన్‌సీఎస్, అంటే కరెంటు షాకులిచ్చి చూసే నరాల పరీక్ష, లావు పోగులనే కొలుస్తుంది. స్పర్శను మోసే ఆ పోగుల్లో సంకేతం సెకనుకు 40 నుంచి 60 మీటర్ల వేగంతో పోతుంది. నొప్పినీ వేడినీ మోసేవి సన్నపోగులు. పలచని మైలిన్ తొడుగున్న ఎ-డెల్టా పోగుల వేగం సెకనుకు 5 నుంచి 30 మీటర్లు. తొడుగే లేని సి-పోగులది ఒక మీటరు అటూ ఇటూ. కాలిన పెనం తగిలితే ముందు చురుక్కుమని, ఆ తర్వాత మంట మొదలయ్యేది ఈ తేడా వల్లే.

మధుమేహంలో చాలామందికి ముందుగా దెబ్బతినేవి ఈ సన్నపోగులే. అరికాళ్లు రాత్రంతా మండుతున్నాయని వచ్చినవారి ఎన్‌సీఎస్ రిపోర్టు నార్మల్ అని రావచ్చు. అది చూసి ‘మీకేం లేదు, అంతా మీ మనసులోనే ఉంది’ అని పంపేయడం అన్యాయం. ఆ పరీక్ష ఆ పోగుల జోలికే పోలేదు.

కరెంటు షాకుకు ముందుగా పలికేవి లావు పోగులు. లేజర్ చర్మాన్ని తాకకుండానే పైపొరను కొన్ని మిల్లీసెకన్లలో వేడెక్కిస్తుంది కాబట్టి స్పర్శ పోగులు కదలవు. నొప్పి నరాల కొసల్లో ఉండే టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ ద్వారం 43 డిగ్రీలు దాటితే తెరుచుకుంటుంది. మిరపకాయలోని కాప్సైసిన్ తెరిచేదీ దీన్నే. దీన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్ 2021 నోబెల్ బహుమతిని పంచుకున్నారు.

పరీక్షలో గదిలోని అందరూ రక్షణ కళ్లద్దాలు పెట్టుకుంటారు. చేతి వెనుకవైపు లేజర్ పడినప్పుడల్లా సూది గుచ్చినట్టుంటుంది. ప్రతిసారీ కొన్ని సెకన్లు ఆగి, కిరణాన్ని కాస్త పక్కకు జరుపుతారు. ఒకే చోట పడితే చర్మం కాలుతుంది, నరాల కొసలూ అలసిపోతాయి. మెదడులో ఎడతెగని విద్యుత్ సందడి మధ్య ఒక్కసారికి వచ్చే అల సరిగా తేలదు. చాలాసార్లు ఇచ్చి సగటు తీస్తే నడినెత్తి మీద 200 మిల్లీసెకన్ల ప్రాంతంలో ఎన్2, 300 నుంచి 350 మధ్య పీ2 అనే అలలు కనిపిస్తాయి. కాలి మీద చేస్తే ఇవి మరింత ఆలస్యంగా వస్తాయి. లేజర్‌కు బదులు సెకనుకు 70 డిగ్రీల చొప్పున వేడెక్కే చిన్న పలకతోనూ ఇదే పని చేయవచ్చు.

అల చిన్నబోయినా, ఆలస్యమైనా చర్మం నుంచి వెన్నుపాము మీదుగా మెదడు దాకా ఉన్న దారిలో ఎక్కడో లోపముండవచ్చు. ఆ చోటేదో ఈ ఒక్క పరీక్షతోనే చెప్పలేం. అందుకే చర్మపు ముక్క తీసి నరాల కొసలు లెక్కించే బయాప్సీ కూడా అవసరం కావచ్చు. రోగి ధ్యాస మళ్లినా, నిద్ర ముంచుకొచ్చినా అల తగ్గుతుంది. పెద్ద అలంటే పెద్ద నొప్పి అని చదవడం తప్పు. ఇది కొలిచేది నొప్పిని కాదు, నొప్పి నడిచే దారిని.

కాళ్ల మంటలు తగ్గక, ఎన్‌సీఎస్ మాత్రం నార్మల్ అని వచ్చినవారు సన్నపోగుల పరీక్ష గురించి న్యూరాలజిస్టును అడగాలి.