విమానపు రేడియో మాట: గుణదోష విచారణ

హుజూర్‌నగర్‌లో విమానాశ్రయం లేదు. అయినను దానికి నైరుతి దిక్కున, నేరుగా కొలిచినచో సుమారు 70 కిలోమీటర్ల దూరాన, కృష్ణ కుడిగట్టున విజయపురి సౌత్ దగ్గర నాగార్జునసాగర్ ఎయిర్‌స్ట్రిప్ ఉన్నది. 2022 ఫిబ్రవరి 26న అక్కడినుండి శిక్షణార్థి ఒక్కరే నడుపుచు బయలుదేరిన సెస్నా 152 విమానం నల్లగొండ జిల్లా పెద్దవూర మండలంలో కూలి, ఆ శిక్షణార్థి మరణించుటతో ఇట్టి చిన్న విమానాల సంగతి ఈ ప్రాంతంలో పలువురికి తెలియవచ్చినది. ఆ ప్రమాదాన్ని రేడియోకు ముడిపెట్టుట ఇక్కడ ఉద్దేశం కాదు. కాని చిన్న విమానంలో ఒంటరిగా ఉన్న పైలటుకు నేలతో ఉన్న సంబంధమంతయు ఒక్క కంఠధ్వని మీదనే ఆధారపడి ఉన్నది. ఆ కంఠధ్వనికి ప్రపంచమంతట ఒక ప్రత్యేక భాష ఏర్పరచినారు. ఒక గ్రంథాన్ని విమర్శించునట్లే ఆ భాష గుణదోషాలనుకూడ విచారింపవచ్చును.

మొదట ఆ మాట ఎంత దూరం పోవునో చూడవలెను. పైలటును, నేలమీది కంట్రోలరును మాట్లాడుకొను తరంగాలు 118 నుండి 137 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న పౌనఃపున్యాలకు చెందినవి. ఇవి సుమారుగా కాంతివలె సూటిగా పోవును. భూమి వంపును అనుసరించవు. విమానం ఎత్తును మీటర్లలో తీసికొని, వర్గమూలం కట్టి, 4.12తో గుణించిన వచ్చునది కిలోమీటర్లలో దాని రేడియో దిగంతం. హుజూర్‌నగర్ మీద 600 మీటర్ల ఎత్తున విమానం ఉన్నదనుకొందురుగాక. 600కు వర్గమూలం ఇంచుమించు 24.5, దిగంతం 101 కిలోమీటర్లు. సాగర్ అందుబాటులోనే ఉన్నది. గన్నవరం సుమారు 105 కిలోమీటర్లు, అంచున ఉన్నది. శంషాబాద్ 155 కిలోమీటర్లకు పైనే గనుక అందదు. అందవలెనన్న విమానం దాదాపు 1,500 మీటర్లకు ఎక్కవలెను. నేలమీది స్తంభం ఎత్తును, నడుమనున్న మెట్టలను విడిచి వేసిన లెక్క యిది. తొమ్మిదవ తరగతి విద్యార్థి నల్లబల్లమీద సాధింపగలడు, సాధించుట మంచిది కూడ.

ఈ పౌనఃపున్యాలమీద మాటను మోయించు పద్ధతి కంపనపరిమితి మాడ్యులేషన్. సంగీతానికి ఎఫ్.ఎం. మేలైనదని ఎరిగినవారికి ఇది వెనుకబాటుగా తోచవచ్చును. కాని ఎఫ్.ఎం.లో ఇద్దరు ఒక్కమారు మాట్లాడిన బలమైన తరంగమే వినబడును. రెండవది జాడలేకుండ పోవును. కంపనపరిమితి పద్ధతిలో రెండు వాహక తరంగాలు కలిసినచో ఈల వంటి కీచుధ్వని పుట్టును. మాట అర్థం కాకపోయినను, ఇంకెవరో మాట్లాడుచున్నారని తెలియును. మంచి నిర్ణయమే, కాని అది చాలదని 1977 మార్చి 27న టెనెరిఫె ద్వీపంలో రుజువైనది. పరుగు మొదలుపెట్టిన కె.ఎల్.ఎం. విమానం లోనివారికి, ఆగవలెనన్న కంట్రోలరు మాటయు, తాము ఇంకను రన్‌వే మీదనే ఉన్నామన్న పానామ్ వారి మాటయు ఒకేసారి వచ్చి కీచుధ్వనిగా చేరినవి. 583 మంది మరణించినారు. అంతకు ముందు ‘టేకాఫ్’ అను మాటను ఉభయులు విచ్చలవిడిగా వాడినారు. తరువాత ఆ మాటను, ఎగురుటకు అనుమతి నిచ్చునప్పుడును, దానిని రద్దు చేయునప్పుడును తప్ప ఉచ్చరింపరాదని నియమం వచ్చినది. తక్కిన సందర్భాలలో ‘డిపార్చర్’ అనవలెను. ఒక భాషలో ఒక్క మాటను ఇంత కట్టుదిట్టంగా కాపాడుట వేదపాఠంలో తప్ప ఎక్కడను కానరాదు.

అక్షరాల పేర్లలో ఈ భాష గుణం స్పష్టంగా కనబడును. ఇప్పుడున్న ఆల్ఫా, బ్రావో, చార్లీల వరుస 1956 మార్చి 1న అమలులోనికి వచ్చినది. దాని రూపకల్పనలో మాంట్రియల్ విశ్వవిద్యాలయపు భాషావేత్త జాన్‌పాల్ వినే ముఖ్యుడు. జూలియట్ అను పేరు చివర రెండు టకారాలు వ్రాయుటకు కారణం, ఒక్కటే ఉన్న ఫ్రెంచివారు దానిని పలుకక విడుతురని. ఇంత సూక్ష్మదృష్టిలో తెలుగువాడు లెక్కలోనికి వచ్చెనో లేదో గాని, ప్రయోజనం మాత్రం పొందినాడు. తెలుగులో వకారం ఒక్కటే. ఇంగ్లీషులోని రెండు వకారాల భేదం మన నాలుకకు పట్టదు. ‘విక్టర్’, ‘విస్కీ’ అనగానే ఆ చిక్కు విడిపోవును. భారతదేశపు పౌర విమానాల గుర్తులన్నియు ‘విక్టర్ టాంగో’తోనే మొదలగును గదా!

అంకెలలోను ఇట్టి దిద్దుబాట్లు ఉన్నవి. ‘ఫైవ్’, ‘నైన్’ రెంటిలోను అచ్చు ఐకారమే. రేడియో మార్గం సుమారు 300 నుండి 3,000 హెర్ట్జ్ లోపలి ధ్వనులనే మోయును. సకార ఫకారాల వంటి ఊదుధ్వనుల బలమంతయు అంతకు పైనుండుటచే హల్లులు మసకబారి అచ్చు ఒక్కటే చెవిని తాకును. అందుచే ఐదును ‘ఫైఫ్’ అనియు, తొమ్మిదిని ‘నైనర్’ అనియు, మూడును ‘ట్రీ’ అనియు పలుకుమన్నారు.

ఇంత శ్రద్ధ చేసినవారు ఒక చిల్లును వదలినారు. ఇంగ్లీషులో ‘రెండు’ అను అంకెయు, ‘కు’ అను విభక్తి అర్థమిచ్చు మాటయు ఒకే విధంగా ఉచ్చరింపబడును. తెలుగు లిపిలో వ్రాసి చూచిన దోషం ఇంకను బయటపడును: రెండును ‘టు’వే. 1989 ఫిబ్రవరి 19న కౌలాలంపూర్ దగ్గర దిగుచున్న ఫ్లయింగ్ టైగర్ సరకుల విమానానికి కంట్రోలరు ‘డిసెండ్ టు ఫోర్ జీరో జీరో’ అన్నాడు. అతని ఉద్దేశం 2,400 అడుగులు. విన్నవారు 400 అడుగులకు అని గ్రహించి, ‘ఫోర్ జీరో జీరో’ అని బదులు చెప్పినారు. ఆ బదులులో అంకె తగ్గినదని కంట్రోలరు పట్టుకొనలేదు. విమానం కొండను తాకినది. నలుగురు సిబ్బంది మరణించినారు. ఇక్కడ పైలటును మాత్రమే నిందించుట న్యాయం కాదు. ఏర్పరచిన మాటలలో అంకె ఏదో విభక్తి ఏదో తెలియని అవకాశం ఉండుటయే మొదటి దోషం. ‘థౌజండ్’, ‘హండ్రెడ్’ అనునవి చేర్చి, ఎత్తు అన్న మాటను ముందు పెట్టిన ఈ ప్రమాదం సన్నగిల్లును. నేటి ప్రామాణిక వాక్యాలు ఆ దారినే ఉన్నవి.

తెలుగులో అయినచో? ‘రెండువేల నాలుగువందలకు’ అనుటలో విభక్తి చివరకు చేరును, అంకెతో కలియదు. తెలుగు అజంత భాష. అచ్చులు గల ధ్వనులు రొదలో నిలుచును. ‘మూడు’, ‘ఏడు’ కాగితంమీద ఒకదానినొకటి పోలియున్నను, ఊకార ఏకారాల స్వరూపం వేరుగనుక చెవి మోసపోదు. కాని ‘ఎనిమిది’, ‘తొమ్మిది’ అనువానిలో సగం మాట ఒకటే. తెలుగు రేడియో భాష ఎవరైన నిర్మించినచో ఆ రెంటిలో ఒకదానిని తప్పక మార్చవలసి యుండును.

ఇది ఊహ మాత్రమేనని తోసివేయరాదు. నేలమీది కేంద్రంలో మామూలుగా వాడు భాషలోగాని, ఇంగ్లీషులోగాని మాట్లాడవచ్చునని అంతర్జాతీయ నియమమే చెప్పుచున్నది. ఫ్రాన్సులో ఫ్రెంచి వినబడును. అయితే రేడియో మార్గం ఇద్దరి గుసగుస కాదు, ఊరి చావడి. ప్రతి పైలటు ఇతరుల మాట విని ఆకాశపటాన్ని మనస్సులో గీసికొనును. 2000 మే 25న పారిస్ షార్ల్ ద గోల్ విమానాశ్రయంలో ఒక విమానంతో ఫ్రెంచిలోను, మరొకదానితో ఇంగ్లీషులోను మాట్లాడినారు. రెండవ విమానంవారు మొదటిదానికిచ్చిన అనుమతిని గ్రహింపలేక రన్‌వేపైకి వచ్చినారు; వారి కోపైలటు మరణించినాడు. కాబట్టి ఒక మార్గంలో ఒకే భాష ఉండవలెననుట సరియైన తీర్పు. ఆ స్థానం ఇంగ్లీషుకు దక్కినది వాడుకచేతనే గాని దాని ధ్వనుల యోగ్యతచేత కాదు.

ప్రామాణిక వాక్యాలు కంఠస్థమైనచో చాలునను నమ్మకం మరొక దోషం. 1990 జనవరి 25న న్యూయార్క్ దగ్గర అవియాంకా 52వ నంబరు విమానంవారు ఇంధనం తరుగుచున్నదని చెప్పినారేగాని ‘మేడే’ అనలేదు, అత్యవసర పరిస్థితి అని ప్రకటింపలేదు. కంట్రోలర్లకు అపాయం తెలియలేదు. 73 మంది చనిపోయినారు. 1996 నవంబరు 12న చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు ఢీకొని 349 మంది మరణించినప్పుడు కూడ, కజక్ సిబ్బంది ఇంగ్లీషు పాటవాన్ని గూర్చి ప్రశ్నలు లేచినవి. పిమ్మట ఆరు మెట్ల భాషాప్రమాణం ఏర్పడినది. అందు నాలుగవ మెట్టు కనీసార్హత. ఆ మెట్టు కోరునది కవిత్వం కాదు. ఊహింపని చిక్కు వచ్చినప్పుడు సూటిగా చెప్పగలుగుట, అర్థం కానిది మరల అడుగగలుగుట. తెలుగు మాధ్యమంలో చదివిన హుజూర్‌నగర్ విద్యార్థికి ఇది దుస్సాధ్యం కాదు. సిగ్గుపడి ‘రోజర్’ అని సరిపెట్టుకొను అలవాటే అసలైన అడ్డంకి. ఏలనన ‘రోజర్’ అనగా వింటినని మాత్రమే, చేయుదునని కాదు, అర్థమైనదని అసలే కాదు.

మనదేశంలో పైలటు రేడియో పరీక్షను చిరకాలం కమ్యూనికేషన్ల శాఖవారు నడిపినారు. 2025 జనవరి 1 నుండి అమలైన భారతీయ వాయుయాన్ అధినియమం 2024 ఆ పనిని పౌరవిమానయాన డైరెక్టొరేట్ జనరల్‌కు అప్పగించినది. విమానం నడుపు అర్హతను చూచువారే మాటాడు అర్హతను చూచుట సబబైన మార్పు. పరీక్షకు చదువువారి గైడు పుస్తకాలు మాత్రం కంట్రోలరు ఎన్నడును తప్పుచెప్పని, ఎవరును అడ్డురాని సంభాషణలనే నేర్పుచున్నవి. తప్పుగా వచ్చిన బదులును పట్టుకొనుటకు అభ్యాసాలు ఉండిన మేలు. పెద్ద విమానాలకు ఇప్పుడు అక్షరరూపంలో సందేశాలు పంపు డేటా లింకు ఉన్నది. సముద్రాలపై దానినే విరివిగా వాడుచున్నారు. ఇద్దరు మాత్రమే పట్టు సెస్నా 152లో అట్టి యంత్రం లేదు. విన్న అంకెను పైలటు మోకాలిమీది పలకపై పెన్సిలుతో వ్రాసికొని, అదే అంకెను తిరిగి పైకి చదువును.